డ్రిల్లు మాస్టారా, కోచా, ఫిజియోనా: పర్లాకిమిడి వైపు పిల్లలకు ఆటల చదువుల్లో ఏది సరిపోతుంది?

మే నెలాఖర్లో మా మేనకోడలు కాశీనగరం నుంచి వచ్చింది. ప్లస్ టూ సైన్సు పాసయింది. ఖోఖోలో జిల్లా జట్టుకు ఆడిన పిల్ల. చెప్పులు విప్పుతూనే అడిగింది: "మావయ్యా, ఎక్సర్‌సైజ్ సైన్స్ అని ఒక డిగ్రీ ఉందంట కదా. అది చదివితే నేనేం అవుతాను?"

ఇరవై రెండేళ్ళుగా డ్రిల్లు మాస్టారు పని చేస్తున్నవాణ్ణి, ఠక్కున జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు ఆంధ్రలోని పాతపట్నంలో ఒక జవాబు, మహేంద్రతనయ నది దాటి ఒడిశాలోని పర్లాకిమిడిలోకి వస్తే ఇంకో జవాబు, చెన్నై వెళ్తే మూడో జవాబు. ఆ సాయంత్రం మొదలుపెట్టి రెండు వారాలు ఆమెతో మాట్లాడినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో తెలుగు ఇళ్ళకు పనికొస్తాయని నా నమ్మకం. మన పిల్లలకు చదువుతో పాటు ఏ రాష్ట్రం కాగితాలు చేతిలో ఉన్నాయన్నదీ సమస్యే. బయటివాళ్ళు రాసే సలహాల్లో అది ఉండదు.

ముందు ఒక అబ్బాయి కాలు చూడండి

మా గ్రౌండులో తెల్లవారుజామున ఆర్మీ సెలెక్షన్‌కి పరిగెత్తే కుర్రాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అందరి గురీ 1600 మీటర్లు. ఒకడు మూడు వారాలుగా రోజూ పూర్తి వేగంతో అదే దూరం పరిగెత్తుతున్నాడు. నాలుగో వారంలో మోకాలి కింద ఎముక పొడవునా నొప్పి మొదలైంది. ఈ ఒక్క కాలినే నలుగురు నాలుగు రకాలుగా చూస్తారు.

డ్రిల్లు మాస్టారు వాణ్ణి ఆపి కూర్చోబెడతాడు. మిగతా యాభై మందిని చూసుకోవాలి కాబట్టి అంతకుమించి సమయం ఉండదు. ఆయన పని ఒక్కడితో కాదు, ఊరి పిల్లలందరితో.

కోచ్ వచ్చే నెల సెలెక్షన్ తేదీ చూస్తాడు. అడుగు ఎలా వేస్తున్నాడు, చేతులు ఎలా ఆడుతున్నాయి, ఏ రోజు ఎంత పరిగెత్తాలి అన్నది మార్చి రాస్తాడు.

ఎక్సర్‌సైజ్ సైన్స్, అంటే వ్యాయామ శాస్త్రం, చదివినవాడు కాలు కన్నా ముందు లెక్క అడుగుతాడు. వారానికి ఎన్ని కిలోమీటర్లు? ఒక్కసారిగా ఎంత పెంచావు? గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త శ్రమకు అలవాటు పడతాయి. ఎముకకు నెలలు పడుతుంది. అందుకే దమ్ము పెరిగిందని కుర్రాడు సంబరపడే రోజుల్లోనే కాలు మొరాయిస్తుంది. ఇంకో మాట కూడా చెబుతాడు: 100 మీటర్ల పరుగుకు కండలో ముందే నిల్వ ఉన్న శక్తి చాలావరకు సరిపోతుంది, అది పది సెకన్ల ముచ్చట. ఐదున్నర నిమిషాల 1600 మీటర్ల పరుగు ఎక్కువగా ప్రాణవాయువు మీద నడుస్తుంది. కాబట్టి రోజూ చచ్చేలా పరిగెత్తడం కన్నా, ఎక్కువ రోజులు మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే నెమ్మది వేగం, వారానికి ఒకటి రెండు రోజులు మాత్రమే ముక్కలు ముక్కలుగా వేగం పెట్టుకుంటే మేలు.

ఫిజియో ఎముక మీద వేలు పెట్టి నొక్కి చూస్తాడు. నొప్పి ఎముక పొడవునా పరుచుకుని ఉంటే ఒక మాట, ఒకే చోట సూదిలా గుచ్చుతుంటే ఇంకో మాట. రెండోది ఎముకలో సన్నని చీలిక కావచ్చు, వెంటనే డాక్టరు దగ్గరకు పంపుతాడు. ఈ నలుగురిలో చికిత్స చేసే చదువూ హక్కూ ఉన్నది ఇతనికే.

మా మేనకోడలితో అన్నాను: "డిగ్రీ పేరు తర్వాత చూద్దాం. ఈ నలుగురిలో నువ్వు ఎవరి చోట నిలబడాలనుకుంటున్నావు?" ఆమె రెండు రోజులు ఆలోచించింది. మీ పిల్లల్నీ ఆలోచించుకోనివ్వండి.

డ్రిల్లు మాస్టారి దారి

నాకు బాగా తెలిసినది ఇదే, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. ప్లస్ టూ లేదా ఇంటర్ తర్వాత వ్యాయామ విద్యలో రెండేళ్ళ డిప్లొమా, డీపీఈడీ ఉంది. ఏదైనా డిగ్రీ చేశాక అదే విద్యలో డిగ్రీ, బీపీఈడీ ఉంది. ఇది ఒకప్పుడు ఏడాది చదువు, ఉపాధ్యాయ విద్యను నియంత్రించే కేంద్ర మండలి ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో రెండేళ్ళయింది. సాధారణంగా డిగ్రీలో మార్కులు 50 శాతం ఉండాలి, దానితో పాటు ఆటల పోటీల్లో పాల్గొన్న సర్టిఫికెట్టూ ఉండాలి. కాబట్టి డిగ్రీ రోజుల్లో కాలేజీ జట్టులో పేరు లేకుండా మూడేళ్ళు గడిపేయకండి. ఆ పైన పీజీ అయిన ఎంపీఈడీ, అధ్యాపక అర్హత పరీక్ష నెట్ పాసైతే కాలేజీల్లో ఉద్యోగాలు. అక్కడ కూడా శరీరమే పరీక్ష రాస్తుంది: యూజీసీ 2018 నిబంధనల ప్రకారం యూనివర్సిటీ, కాలేజీల ఫిజికల్ డైరెక్టరు పోస్టులకు ముప్పై ఏళ్ళ లోపు మగవాళ్ళు 12 నిమిషాల్లో 1800 మీటర్లు, ఆడవాళ్ళు 8 నిమిషాల్లో 1000 మీటర్లు పూర్తిచెయ్యాలి.

చేరడం ఎక్కడ? ఒడిశాలో భువనేశ్వర్‌లోనూ, సంబల్‌పూర్ దగ్గర కులుండిలోనూ ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాలలు ఉన్నాయి. దరఖాస్తు ఒడిశా ప్రభుత్వ ప్రవేశాల వెబ్‌సైటు శామ్స్ పోర్టల్ ద్వారా. ఆంధ్ర వైపు ప్రవేశ పరీక్ష పీఈసెట్‌కు వెళ్ళాలి. ఇది కూర్చుని రాసే పరీక్ష కాదు. 100 మీటర్ల పరుగు, గుండు విసరడం, హైజంప్ లేదా లాంగ్‌జంప్, మగపిల్లలకు 800 మీటర్లు, ఆడపిల్లలకు 400 మీటర్లు, తర్వాత ఒక ఆటలో నైపుణ్యం. మొత్తం 500 మార్కులు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ వ్యాయామ విద్యా విభాగం ఉంది. గుణుపురం నుంచి విశాఖకు పాసింజరు బండి కూడా ఉంది కాబట్టి మన పిల్లల చూపు అటే వెళ్తుంది.

ఇక్కడే కాగితాల సంగతి వస్తుంది. ఆంధ్రలో సీట్లలో ఎక్కువ భాగం స్థానికులకు. అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండడం స్థానికతకు ఒక ప్రధాన లెక్క. ప్రభుత్వ టీచర్ల నియామకం డీఎస్సీలో అయితే నాలుగో తరగతి నుంచి పదో తరగతి వరకు ఎక్కడ చదివారో చూస్తారు. పర్లాకిమిడిలో ఇల్లు ఉండి రోజూ వంతెన దాటి పాతపట్నంలో చదువుకున్న పిల్లవాడికి ఆ స్టడీ సర్టిఫికెట్లు బంగారం. 2025లో ఆంధ్రప్రదేశ్ వేసిన మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ఉంటే, వాటిలో వ్యాయామ ఉపాధ్యాయులవీ ఉన్నాయి. ఊరు ఒడిశాలోనే ఉండి, బడి కూడా ఒడిశాలోనే చదివిన పిల్లవాడు మాత్రం ఆ వరసలో స్థానికేతరుడే.

ఒడిశా ఉద్యోగానికి ఇంకో తలుపు ఉంది, దాని తాళంచెవి ఒడియా. చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా ఒక సబ్జెక్టుగా పాసై ఉండాలి, లేదా దానికోసం పెట్టే ఒడియా పరీక్ష పాసవ్వాలి. మన తెలుగు మాధ్యమం బడుల్లో చదివిన పిల్లలు ఎంతోమంది బీపీఈడీ అంతా అయ్యాక, దరఖాస్తు పెట్టేటప్పుడు దీన్ని కనుక్కుంటారు. ఈరోజే పిల్లల మార్కుల జాబితా తీసి చూడండి. పర్లాకిమిడిలో ఉండి తెలుగు కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29. హాకీ ధ్యాన్‌చంద్ పుట్టినరోజు, జాతీయ క్రీడా దినోత్సవం కూడా అదే రోజు. నేను ఆ రోజు పిల్లలకు రెండు జెండాలూ ఎగరేసినట్టే మాట్లాడతాను: తెలుగు మన ఇల్లు, ఒడియా మన ఊరు, రెండూ రావాలి.

నా బాధ ఒకటి చెప్పాలి. నేను మొదట చేరిన ప్రైవేటు కాలేజీకి గుర్తింపు లేదని ఏడాది గడిచాక తెలిసింది. మా నాన్న గేదెలమ్మి కట్టిన ఫీజు తిరిగి రాలేదు, ఆ ఏడాదీ తిరిగి రాలేదు. అందుకే ఏ డీపీఈడీ, బీపీఈడీ కాలేజీలో చేరినా ఎన్‌సీటీఈ గుర్తింపు జాబితాలో ఆ కాలేజీ పేరు, ఆ కోర్సు పేరు, సీట్ల సంఖ్య మీ కళ్ళతో చూసుకున్నాకే డబ్బు కట్టండి. ఏజెంటు చూపించే జిరాక్సు కాగితాన్ని నమ్మకండి.

ఎక్సర్‌సైజ్ సైన్స్ అంటే

ఈ డిగ్రీ పేరు వినగానే పిల్లలు గ్రౌండును ఊహించుకుంటారు. చేరిన మొదటి సెమిస్టర్లో కనిపించేది శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం. తర్వాత కదలికల లెక్క, పోషణ, మనస్తత్వం, కొలతలు, గణాంకాలు. ఆట ఆడేవాళ్ళ కన్నా ఆటను కొలిచేవాళ్ళను తయారుచేసే చదువు ఇది. మా మేనకోడలికి ప్లస్ టూలో బయాలజీ నచ్చింది కాబట్టి ఆమెకు ఇది భయం కాదు. బయాలజీ లేనివాళ్ళు చాలా చోట్ల దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు.

ఈ శాస్త్రం విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. ప్రతి జిమ్ములో చెప్పే "మూడు సెట్లు, పదేసి" అన్న లెక్క ఎక్కడిదో చాలామందికి తెలియదు. 1940లలో థామస్ డీలార్మ్ అనే అమెరికా సైనిక వైద్యుడు యుద్ధంలో దెబ్బతిన్న సైనికులకు మెల్లమెల్లగా బరువు పెంచుతూ వ్యాయామం చేయించి, ఫలితాలు రాసుకుని తేల్చిన పద్ధతి అది. అంతకుముందు దెబ్బతిన్న కాలికి బరువు ఎత్తడం ప్రమాదమనే అనుకునేవాళ్ళు.

ఇంకో ఉదాహరణ మన ఎండే. గంజాం తీరంలో మే నెల గాలిలో తేమ ఎక్కువ. చెమట కారితే ఒళ్ళు చల్లబడదు, అది ఆరితేనే చల్లబడుతుంది. తేమలో చెమట ఆరదు, లోపలి వేడి పెరుగుతూ పోతుంది. శరీరం ఎండకు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు కావాలి, అదీ కొద్ది కొద్దిగా పెంచితేనే. సెలవుల తర్వాత మొదటి రోజే మధ్యాహ్నం పూట పిల్లల్ని పరిగెత్తించడం ఎందుకు తప్పో నాకు ఈ రెండు వాక్యాలు చదివాకే అర్థమైంది. అంతకుముందు నేనూ ఆ తప్పు చేశాను. అందుకే ఈ చదువు మన వైపు రావాలని గట్టిగా కోరుకుంటాను.

కానీ కోరుకోవడం వేరు, పిల్లకు బతుకుదెరువు చూపించడం వేరు. మణిపాల్‌లోనూ, చెన్నై శ్రీ రామచంద్రలోనూ ఈ పేరుతో బీఎస్సీ ఉంది. రెండూ లక్షల్లో ఫీజు. చెన్నైలో తమిళనాడు ప్రభుత్వం 2005లో మొదలుపెట్టిన వ్యాయామ విద్యా, క్రీడల విశ్వవిద్యాలయం ఉంది. ఇంఫాల్‌లో 2018 చట్టంతో ఏర్పడ్డ జాతీయ క్రీడా విశ్వవిద్యాలయంలో శిక్షణ మీద బీఎస్సీ ఉంది. గ్వాలియర్‌లో 1957 నుంచి ఉన్న లక్ష్మీబాయి సంస్థ పాత పేరున్నది. చదివాక ఉద్యోగం ఎక్కడ? భువనేశ్వర్ కళింగ స్టేడియంలో రకరకాల ఆటల్లో మేటి ఆటగాళ్ళను తీర్చిదిద్దే హై పెర్ఫార్మెన్స్ సెంటర్లు ఉన్నాయి. ఒడిశా 2018 నుంచి దేశ హాకీ జట్లను పోషిస్తోంది. 2018లోనూ, 2023లోనూ ప్రపంచ కప్పులు ఇక్కడే జరిగాయి. ఆ రంగం పెరుగుతోంది, నిజం. అయితే అక్కడ కుర్చీలు కొన్నే, ఒట్టి డిగ్రీతో వెళ్ళినవాళ్ళు చివరి వరసలో ఉంటారు. ఎంఎస్సీ వరకు చదివిస్తాం, ఊరు వదిలి పంపిస్తాం అన్న కుటుంబానికే నేను ఈ దారి చెబుతాను. మూడేళ్ళు చదివి పర్లాకిమిడి తిరిగొచ్చి ఉద్యోగం వెతుక్కుంటానంటే వద్దంటాను. ఇక్కడ ఆ పేరుతో పోస్టే లేదు.

కోచ్ అవ్వాలంటే

ఇది చదువుతో తలుపు తెరుచుకునే పని కాదు, ఆడిన చరిత్రతో తెరుచుకునే పని. 1961లో మొదలైన పాటియాలా జాతీయ క్రీడా సంస్థ (ఎన్‌ఐఎస్) కోచింగ్ డిప్లొమా ఈ రంగంలో అందరూ అడిగే కాగితం. ఏడాది చదువు. క్రీడను బట్టి బెంగుళూరు, కోల్‌కతా వంటి చోట్ల కూడా నడుస్తుంది. డిగ్రీతో పాటు జాతీయ స్థాయిలోనో, అంతర విశ్వవిద్యాలయ పోటీల్లోనో ఆడి ఉండడం చూస్తారు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది, ఇప్పటికే ఎక్కడో నేర్పిస్తున్నవాళ్ళకు అది మంచి మొదలు.

బరువులెత్తే ఆటలో మన ప్రాంతానికి పేరుంది. పండగల్లో సంగిడి రాళ్ళెత్తే పల్లెలు శ్రీకాకుళం నిండా ఉన్నాయి. ఆమదాలవలస వైపు నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలెత్తి ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. బరంపురం కుర్రాడు కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్‌లో 69 కిలోల విభాగంలో బంగారం తెచ్చాడు. మీ పిల్లవాడు ఆ ఆటలో రాష్ట్ర స్థాయి దాటితే ఈ దారి గట్టిగా ఆలోచించండి. మా మేనకోడలు జిల్లా దగ్గరే ఆగింది కాబట్టి దీన్ని పక్కన పెట్టాం.

ఫిజియోథెరపీ

చిన్న ఊళ్ళో నిలబడే చదువు ఇదే అని నా అభిప్రాయం. పక్షవాతం వచ్చిన తాతకూ, నడుం పట్టేసిన కూలి అమ్మకూ, మోకాలు తిరిగిన కబడ్డీ కుర్రాడికీ ఒక్క మనిషే కావాలి. ఇప్పుడు వాళ్ళు బరంపురమో, శ్రీకాకుళమో, విశాఖో బస్సెక్కుతున్నారు. ఆడ ఫిజియో ఉంటే నొప్పి దాచుకునే ఆడవాళ్ళు ఎంతమంది బయటికొస్తారో లెక్కలేదు.

ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాలి. చదువు దీర్ఘం, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళ పైన. కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ సంస్థ కేంద్ర ప్రభుత్వానిది. సీటు ప్రవేశ పరీక్షతో వస్తుంది, ఫీజు ప్రైవేటు కాలేజీలతో పోలిస్తే మన కుటుంబాలు మోయగలిగేది. 2021లో వచ్చిన కేంద్ర చట్టం ఫిజియోలను ఆరోగ్య వృత్తుల జాబితాలో పెట్టింది. ఆ హోదా ఎక్సర్‌సైజ్ సైన్స్ వాళ్ళకు లేదు. ఆట మీద ప్రేమ ఉన్నవాళ్ళు పీజీలో క్రీడల ఫిజియోథెరపీ తీసుకుంటే మళ్ళీ గ్రౌండుకే వస్తారు, కాకపోతే చేతిలో వైద్యంతో వస్తారు.

జిమ్ సర్టిఫికెట్లు

జిమ్ ట్రైనర్లకు అమెరికా సంస్థలు ఇచ్చే ఏసీఈ లాంటివి పద్దెనిమిదేళ్ళు నిండి, ప్లస్ టూ పాసై, గుండె ఆగిన మనిషిని బతికించే ప్రథమ చికిత్స సర్టిఫికెట్టు ఉంటే రాయవచ్చు. ఎన్ఎస్‌సీఏ అనే ఇంకో అమెరికా సంస్థ ఆటగాళ్ళ బలం పెంచే ట్రైనర్లకు ఇచ్చే సీఎస్‌సీఎస్‌కు డిగ్రీ తప్పనిసరి. ఏ డిగ్రీతోనైనా కలిపి పెట్టుకుంటే ఇవి మంచివే. ఒంటరిగా ఇవే పెట్టుకుని బయలుదేరితే జీతం జిమ్ము యజమాని దయ.

జిమ్ముల్లో నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటి ఉంది. ఆరు నెలల్లో కండ కావాలన్న కుర్రాడికి ఎవరో సూదిమందు అంటగడతారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, హార్మోను మందులతో గుండె, కాలేయం, సంతానం అన్నీ దెబ్బతింటాయి. ఆటగాడైతే డోపింగ్ పరీక్షలో దొరికి ఏళ్ళ తరబడి నిషేధం. శాస్త్రం చదివిన ఒక్క ట్రైనరు ఊళ్ళో ఉంటే ఆ సూది ఆపగలడు. మన పెద్దలు దీన్ని ముందే గ్రహించారు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి బలం తాలింఖానాలోనే వచ్చింది, అయినా ఆయన మద్రాసు సైదాపేట వెళ్ళి వ్యాయామ శిక్షణ చదివి వచ్చాకే విజయనగరంలో పిల్లలకు నేర్పారు.

మేం ఏం చేశాం

నేను చెప్పే వరస ఇది. బయాలజీ ఉండి, మార్కులు బాగుంటే మొదట ఫిజియోథెరపీ. పిల్లలంటే ప్రాణం, ఊళ్ళోనే ఉండాలి అంటే దగ్గర కాలేజీలో డిగ్రీ, జట్టులో ఆట, ఒడియా కాగితం, తర్వాత బీపీఈడీ. రాష్ట్రం దాటి ఆడినవాళ్ళకు కోచింగ్. ఊరు వదలగలిగి, పీజీ దాకా ఖర్చు భరించగలిగి, లెక్కలూ కొలతలూ ఇష్టమైనవాళ్ళకు ఎక్సర్‌సైజ్ సైన్స్. ఫీజు కోసం పొలం తాకట్టు పెట్టాల్సి వస్తే మాత్రం చివరి దాన్ని ఎంచుకోకండి.

చేరేముందు ఒక వారం ఆ పని చేసేవాళ్ళ పక్కన నిలబడమనండి. ఇది ఎవరూ కాదనరు, అడగడమే ఆలస్యం. మా మేనకోడల్ని మూడు రోజులు నా బడి గ్రౌండులో పెట్టాను, ఐదు రోజులు బరంపురంలో తెలిసిన ఫిజియో దగ్గర కూర్చోబెట్టాను. ఐదో రోజు రాత్రి ఫోన్ చేసింది. తుంటి ఆపరేషన్ అయిన ఒక ముసలమ్మ ఆ రోజు మొదటిసారి వాకరు పట్టుకుని నాలుగడుగులు వేసిందట, పక్కన తనే నిలబడిందట. ఎక్సర్‌సైజ్ సైన్స్ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆమె ఒలట్‌పూర్ ప్రవేశ పరీక్షకు చదువుతోంది. సీటు రాకపోతే అని ఇక్కడి కాలేజీలో బీఎస్సీకి కూడా దరఖాస్తు పెట్టించాం. పొద్దున్నే ఐదింటికి మాత్రం నాతో గ్రౌండుకు వస్తుంది. ఆర్మీ కుర్రాళ్ళు ఎవరు వారానికి ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తారో రాసే నోటుబుక్కు ఇప్పుడు ఆమె చేతిలోనే ఉంది.